మారు వడ్డించని చెయ్యి

సోమవారం. పప్పుచారు, పుట్టగొడుగుల వేపుడు, చోడి (రాగి) సంకటి.

వంటవాడు రోజూ వంటశాల లాగ్‌లో నాలుగు ముక్కలు రాయాలని, ఓడలు ఆగే ఈ అంచెలో నియమం. ఏం వండాను, ఎంత మిగిలింది, ఏ పొయ్యి మొరాయించింది, అంతే. రాసినదాన్ని ఎవరూ చదవరు. అందుకని ఈమధ్య పొయ్యి సంగతులు తగ్గించి నా సంగతులు రాసుకుంటున్నాను. ఎవరైనా చదువుతుంటే మన్నించాలి. పొయ్యి బాగానే ఉంది.

ఈరోజు కొత్త ఓడలోంచి ఒక పెద్దమనిషి దిగాడు. భూమి మీది నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, ఇంకా ఇక్కడి నడక పట్టుబడలేదు. భోజనాల వరసలో నా కూతురి వెనక నిలబడి, పలకరింపుగా, "మీ పాపా అండీ? బాగా ఎదిగిందండీ!" అన్నాడు.

భోజనశాల మొత్తం మా వైపు తిరిగింది. ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి. మా పక్కగది నూకాలత్త కుర్చీ తోసుకుని లేచి వచ్చి, బుల్లి తల చుట్టూ చెయ్యి తిప్పి తూ తూ అని ఉమ్మింది.

"ఏటయ్యా, నీ నోట్లో మన్నెయ్య! పసిగుంటని పట్టుకుని అలగంటావేటి? మా బుల్లి సిన్నదే. సూడు, ఎంతుందో! సిన్నదే."

ఆ మనిషి బిత్తరపోయి నా వైపు చూశాడు. పాపం, ఆయన ఊళ్ళో అది ముచ్చటపడి అనే మాట. ఇక్కడ శాపనార్థం. అంచెలో ఎవరి బిడ్డనూ ఎదిగింది అనకూడదు. "అలాగే చిన్నగా ఉంది" అనాలి, అదే దీవెన. పిల్లల ఎత్తు గోడ మీద గుర్తు పెట్టం. పుట్టినరోజులు చెయ్యం. అందరికీ బుల్లి, చిట్టి, బుజ్జి లాంటి పేర్లే, అసలు పేర్లతో పిలిస్తే పెద్దవాళ్ళయిపోతారని భయం. నా కూతురి అసలు పేరు ఇందుమతి. వాళ్ళమ్మ పెట్టిన పేరు. అది నేను నోరారా పలికి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు.

తర్వాత గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరిగాను. మా ఇళ్ళల్లో ఒక్కసారి వడ్డించి ఊరుకోవడం మర్యాద కాదు. ఇక్కడ కూడా నేను ఆ పద్ధతి మానలేదు. "మారు వెయ్యనా? ఇంకొంచెం?" అని ప్రతివాణ్ణీ బతిమాలి మరీ వేస్తాను. బుల్లి బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చూపు పక్కకి తిరుగుతుంది. ఖాళీ కంచం ముందు పెట్టుకుని, వేళ్ళు నాక్కుంటూ, అది గిన్నె వంక చూసింది. నేను దాటి వెళ్ళిపోయాను.

ఆ పెద్దమనిషికి మాత్రం మారు వేశాను. రెండు గరిటెలు.


గురువారం. ఆనపకాయ పులుసు, అప్పడాలు.

నెలకోసారి పిల్లలకు మణికట్టు ఎక్స్‌రే ఫొటో తీస్తారు. ఈరోజు బుల్లి వంతు.

సంగతి ఇదీ. అంచె అంటే ఆకాశంలో తేలే మజిలీ. ఆవలిగట్టు అనే మంచు ఉపగ్రహానికి వెళ్ళాల్సినవాళ్ళు వంతు వచ్చేదాకా ఇక్కడ పడి ఉంటారు. అక్కడ పని దొరికినవాళ్ళు ముందు వెళ్తారు, వాళ్ళ కుటుంబాలు వెనక వెళ్తాయి. నా భార్య నీలవేణి అక్కడ మంచు తవ్వే యంత్రాలు చూస్తుంది. తను వెళ్ళినప్పుడు బుల్లి నా చంకలో ఉంది. "ఒకటి రెండు ఓడల తర్వాత మీరు వచ్చేస్తారు" అన్నారు. ఎన్ని ఓడలు పోయాయో ఇప్పుడు లెక్కపెట్టడం కూడా మానేశాను.

బిడ్డ బిడ్డగా ఉన్నంతకాలమే తల్లి వంతులో వెళ్తుంది. పెద్దదైపోతే తన పేరు మీద పెద్దవాళ్ళ వరసలో విడిగా నిలబడాలి. ఆ వరస కదలగా చూసినవాళ్ళు అంచెలో లేరు.

పెద్దదని ఎలా తేల్చాలన్న దగ్గర పేచీ వచ్చింది. బుల్లి ఓడలో పుట్టింది. భూమి లెక్కలో దానికి ఒక వయసు, ఓడ గడియారంలో ఇంకొకటి, ఆవలిగట్టు సంవత్సరాల్లో అయితే ఇంకా ఉయ్యాల్లోనే ఉంది. ఎవరికి పనికొచ్చే లెక్క వాళ్ళు చూపిస్తున్నారని విసిగిపోయి, ఆఫీసువాళ్ళు లెక్కలన్నీ అవతల పారేసి ఎముకను నమ్ముకున్నారు. ఎదిగే పిల్లలకు మణికట్టు ఎముక చివర చిన్న సందు ఉంటుంది. ఎదగడం అయిపోతే మూసుకుపోతుంది. సందు ఉంటే బిడ్డ, లేకపోతే కాదు.

డాక్టర్ మెహరున్నీసా గారు ఫొటోను దీపానికి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇంకా ఉంది. సన్నగా, దారమంత. కానీ నాయుడు గారూ, ఈ పిల్ల బరువేంటి ఇలా ఉంది? మీ వంటే కదా మేమందరం తిని లావెక్కుతున్నాం?"

"తింటుందండీ. ఒంటికి పట్టదు. వాళ్ళమ్మ పోలిక."

నీలవేణి బక్కమనిషేం కాదు. పెళ్ళిలో నన్ను ఎత్తుకుని పీట మీద కూచోబెట్టగలదని అందరూ ఏడిపించారు. అబద్ధం అలవోకగా వచ్చింది. బుల్లి కూడా నా పక్కన నిలబడి అవునన్నట్టు తలూపింది. అది తలూపినందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది.


మంగళవారం. ఉలవచారు. పెరుగు లేదు (బుల్లికి).

ఆకలి ఆ సందు మూసుకోకుండా ఆపుతుంది. మొదట ఎవరు కనిపెట్టారో గానీ ఇప్పుడు పిల్లలున్న ప్రతి గదికీ ఆ రహస్యం తెలుసు. దానికి పేరు కూడా ఉంది: పథ్యం. పాలు తగ్గించు, నువ్వులు మాన్పించు, చోడి అంబలి చూపించకు, రెండో ముద్ద దగ్గర చెయ్యి కట్టెయ్యి. పిల్లను పై అంతస్తులోనే తిప్పు. అంచె గిర్రున తిరుగుతుంటుంది కాబట్టి కింది అంతస్తులో మనిషికి నిండు బరువు, పైకి వెళ్ళేకొద్దీ తేలిక. బరువు మోస్తే ఎముక ముదురుతుందట.

నాకు నేర్పింది నూకాలత్తే. "మా మనవరాలు సిట్టి పథ్యంతోనే గట్టెక్కింది బావు. ఓడెక్కిన రోజుకి నా మోకాలు దాటి ఉండేది కాదు" అని చెప్పింది. నమ్మాను. నమ్మడం అప్పుడు నాకు అవసరం.

ఈరోజు నీలవేణి కబురు వచ్చింది. అక్కడి నుంచి మాటలు వచ్చేసరికి గంట పడుతుంది కాబట్టి ఎదురుబొదురు మాట్లాడుకోవడం కుదరదు. తను ఒకటి పంపుతుంది, మేము ఒకటి పంపుతాం. మేమిద్దరం ఓడలో ఒకే బృందంలో పనిచేశాం. అప్పటి అలవాటు కొద్దీ ఇప్పటికీ నన్ను ఇంటిపేరులాగా నాయుడూ అనే పిలుస్తుంది.

"నాయుడూ, గుంట తింటందా? పోయినసారి మొహం పీక్కుపోయినట్టు కనపడింది. నువ్వు వంటోడివి. నీ దగ్గరుండి అది అలగుంటే నానెవరితో సెప్పుకోను? ఇక్కడ మంచు పగిలి రెండు వీధులు మూసేశారు. అందుకని వచ్చే ఓడలో మనుషుల్ని తగ్గిస్తారట. కోప్పడకు. ఇంకొక్క ఓడ."

జవాబు పంపేముందు బుల్లికి నా ఉన్ని చొక్కా తొడిగాను. బుగ్గల్లో కాస్త చక్కెరపాకం పులిమి మెరిసేలా చేశాను. కెమెరాకు దగ్గరగా కూచోబెడితే మొహం నిండుగా కనిపిస్తుంది.

"అమ్మా, నాను బాగా తింతన్నాను. నాన్న రోజూ మారు వేస్తాడు" అని చెప్పింది బుల్లి.

నేను చెప్పమనలేదు. దానంతట అదే చెప్పింది. కబురుగదిలోంచి బయటికి వచ్చాక బుగ్గల మీది పాకాన్ని వేలితో తీసి నాకేసింది.


శనివారం. నిన్నటి పులుసే.

ఇంకో ఓడ మాకు కాకుండా పోయింది. వరసలో మా ముందున్న కుటుంబం దగ్గర ఆగిపోయింది.

బుల్లి ఈమధ్య మోకాళ్ళు వంచి నడుస్తోంది. మొదట కాళ్ళ నొప్పేమో అనుకున్నాను. అడిగితే, "నిటారుగా ఉంటే అందరూ సూస్తన్నారు నాన్నా" అంది. నూకాలత్త అది చూసి మురిసిపోయింది, తెలివైన పిల్ల అని. పిల్ల పరుగెత్తుతుంటే, కుప్పిగంతులు వేస్తుంటే కోప్పడే తండ్రులను చూశాను. పిల్ల నిటారుగా నిలబడితే భయపడే తండ్రిని నేనే.

అయినా సాయంత్రం దానికి సగం రొట్టే పెట్టాను. ఇక్కడిదాకా వచ్చి చేజార్చుకుంటామా అని నాకు నేను చెప్పుకున్నాను. నూరుమందికి వండే చెయ్యి ఇది. సొంత బిడ్డ కంచం దగ్గర ముడుచుకుపోతోంది.


ఆదివారం. వంట చేసింది నేను కాదు.

పొద్దున్న కబురుగది నుంచి పిలుపు వచ్చింది. నీలవేణి కబురు, దాంతోపాటు ఆఫీసు మాట: మా వంతు వచ్చింది. వచ్చే ఓడలో నాకూ బుల్లికీ చోటు. ఓడ చేరడానికి కొన్ని వారాలు పడుతుంది, ఎక్కేముందు ఆఖరిసారి మణికట్టు చూస్తారు.

కబురుగది కింది అంతస్తులో ఉంది. నేను చేతులు కడుక్కునేలోపే బుల్లి నిచ్చెన మీద పరుగెత్తింది. "అమ్మా, అమ్మా" అని అరుస్తూ దిగుతోంది. ఎన్నో నెలలుగా కబురు రోజున తప్ప, అదీ నా చెయ్యి పట్టుకుని తప్ప, కిందికి దిగని పిల్ల. నిచ్చెన మధ్యలో బరువు మీద పడుతుంది, దానికి అలవాటు లేదు. కాలు తప్పింది. ఎడమ చెయ్యి ఆనించి పడింది.

పెద్ద ఎత్తు కాదు. ఏ పిల్లయినా లేచి దులుపుకుని పోయేంత. కానీ అప్పడం విరిగినట్టు చప్పుడు నాకు పైదాకా వినిపించింది.

డాక్టర్ గారు ఫొటో చూసి నన్ను బయటికి పిలిచారు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచరు. ఈరోజూ పెంచలేదు.

"నాయుడు గారూ, సరిగ్గా సందులోంచే విరిగింది. ఎడమ చేతిలో సందు ఇక ఉండదు. అది పోనివ్వండి, పరీక్షకు కుడి చెయ్యి చూస్తారు. నేను అడిగేది వేరే. ఈ ఎముక ఆ వయసు పిల్లది కాదు. డొల్ల. ఏం పెడుతున్నారు దీనికి?"

నేను చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాను.

"వంటవాడి కూతురు ఆకలితో ఎముక విరగ్గొట్టుకుందని నేను రాయాలా?"

"వద్దండీ" అన్నాను.

పూటకో గ్లాసు పాలు, చోడి అంబలి, నువ్వుల ఉండలు, రోజూ కింది అంతస్తులో నడక అని చెప్పారు. లేకపోతే చెయ్యి అతకదు, ఈసారి నడుమో తొడో విరుగుతుందన్నారు. అంతా తిని ఎదిగితే కుడి చేతి సందు ఏమవుతుందని అడిగాను. "ఆకలితో ఆగిన ఎముక తిండి తగలగానే పరుగందుకుంటుంది. ఎప్పుడు మూసుకుంటుందో నేను చెప్పలేను" అన్నారు.

బుల్లి కట్టుతో పడుకుని ఉంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "కుడి సెయ్యి బాగానే ఉంది కదా నాన్నా?"


బుధవారం. చోడి అంబలి, నువ్వుల ఉండలు (రోగులకు).

ఇది రాయకుండా ఉండొచ్చు. కానీ రాయకపోతే రేపు నేనే నమ్మను.

డాక్టర్ గారు చెప్పిన దాంట్లో సగమే పెడుతున్నాను. గ్లాసులో సగం పాలు, సగం నీళ్ళు. ఉండ విరిచి సగం. చెయ్యి అతకాలి, సందు ఉండాలి. రెండూ కావాలి నాకు. సగంతో చెయ్యి అతుకుతుందని, సగంతో సందు నిలుస్తుందని, మధ్యలో ఎక్కడో ఒక సన్నని దారి ఉంటుందని నమ్ముతున్నాను. పక్కమంచాలవాళ్ళ గ్లాసులు నిండుగా పోసి, మారు పోసి, నా కూతురి గ్లాసులో నీళ్ళు కలుపుతుంటే నా చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేది.

నాకు దయ లేదని కాదు. బుల్లి వాళ్ళమ్మ దగ్గర ఉండాలి, అంతే. ఆవలిగట్టుకు వెళ్ళినవాళ్ళు వెనక్కి రాలేరు. అక్కడి తేలికకు అలవాటుపడ్డ ఒళ్ళు ఇక్కడి బరువు మోయలేదు. నీలవేణి ఇక్కడికి రాదు. బుల్లి అక్కడికి వెళ్ళకపోతే వాళ్ళిద్దరూ ఒకరినొకరు తెర మీదే చూసుకోవాలి, ఎన్నేళ్ళో.


శుక్రవారం. ఏదో వండాను.

వంటశాల వెనక పంటలు పెంచే అరల కింద తొట్టెలు ఉంటాయి. మిగిలిన తిండి అందులో వేస్తే పుట్టగొడుగులకు ఎరువు అవుతుంది. ఈ ఉదయం తొట్టి కలుపుతుంటే పులిసిన పాల వాసన వచ్చింది. కర్రతో కదిలించాను. చోడి ముద్దలు, నువ్వుల ఉండ ముక్కలు పైకి తేలాయి. సగం ఉండలు. అలా విరిచేది నేనొక్కణ్ణే.

బుల్లి దగ్గరికి వెళ్ళాను. అరుద్దామనే వెళ్ళాను.

"ఇదేటే? పాలు పారబోస్తన్నావా?"

అది దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంది. దాని వెనకనుంచే చెప్పింది.

"నువ్వు సగం సేస్తన్నావు కదా నాన్నా. నాకు తెలుసు. ఆ సగం కూడా ఎక్కువేమో అని భయమేసింది."

"సెయ్యి అతకొద్దేటే?"

"అమ్మ దగ్గరకెల్లాక అతుకుతాది."

మంచం మీద కూచున్నాను. అది నా చెయ్యి పట్టుకుంది, విరగని చేత్తో.

"నాను పెద్దదైపోతే అమ్మ ఎత్తుకోనేదు కదా నాన్నా. ఎల్లేటప్పుడు నన్ను నీ చంకలోంచి తీసుకుని ఎత్తుకుంది, నాకు గుర్తుంది. మళ్ళీ అలగే ఎత్తుకోవాలి."

నాకు ఏడుపు ఆగలేదు. అది నా వీపు నిమిరింది, తల్లిలాగా. ఆకలి నేను మొదలుపెట్టాననుకున్నాను. అది ఎప్పుడో నన్ను దాటి చాలా దూరం వెళ్ళిపోయింది. నేను కంచం దగ్గర చూపు తిప్పుకున్న ప్రతిసారీ అది ఒక పాఠం నేర్చుకుంది: చిన్నగా ఉంటేనే అమ్మకు కావాలి, నాన్నకు కావాలి.

సాయంత్రం నూకాలత్త గది తలుపు కొట్టాను. "చిట్టి ఎలా ఉంది అత్తా? నిజం చెప్పు" అన్నాను. చిట్టి అంటే పథ్యంతో గట్టెక్కిన ఆవిడ మనవరాలు. ఎప్పుడడిగినా గలగలా చెప్పే మనిషి ఈరోజు మంచంకోడు పట్టుకుని కూచుండిపోయింది.

"నడుం వంగిపోనాది బావు. ఆ తేలికలో కూడా రెండు కర్రలు పట్టుకుని నడుస్తంది. ఎవులికీ సెప్పనేదు. సెబితే నాను పెట్టిన పథ్యం పాపమని ఒప్పుకున్నట్టే కదేటి?"

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. నాకు చెప్పింది ఆవిడే, కానీ పెట్టకుండా మాడ్చిన చెయ్యి నాది.

రాత్రికి పాలు కాచాను. నీళ్ళు కలపలేదు.


కొన్ని వారాల తర్వాత, మళ్ళీ సోమవారం. చోడి అంబలి, గట్టి పెరుగు, నువ్వుల పొడి, అన్నం.

మొదట్లో యుద్ధమే జరిగింది. బుల్లి మూతి బిగించేది. నేను కంచం పట్టుకుని ఎదురుగా కూచునేవాణ్ణి. అది తినేదాకా నేనూ ముద్ద ముట్టలేదు. మొదటిరోజు ఇద్దరం పస్తు. రెండో రోజు అది ఏడుస్తూ తింది. "సందు పోతాది నాన్నా, నీకు దండం పెడతాను" అని బతిమాలింది. నా బిడ్డ అన్నం పెట్టొద్దని నాకు దండం పెట్టింది. ఇది చూడటానికి నేను బతికి ఉన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

కానీ ఒకసారి తినడం మొదలుపెట్టాక ఒళ్ళు దాని మాట వినలేదు. వారం తిరగకుండానే కంచం తుడిచేస్తోంది. కింది అంతస్తులో నా భుజం పట్టుకుని నడుస్తోంది. చెయ్యి అతికింది. దాని చొక్కా చేతులు పొట్టివైపోయాయి. కొత్త చొక్కా కావాలని అది అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు.

నీలవేణికి కబురు పంపాను, ఈసారి ఒక్కణ్ణే కూచుని. పథ్యం సంగతి, చక్కెరపాకం సంగతి, నీళ్ళు కలిపిన పాలు, తొట్టి, పెద్దదైతే అమ్మ ఎత్తుకోదన్న దాని భయం, అన్నీ చెప్పాను. "పరీక్షలో పోతుందేమో. పోతే అది నా చేతులారా పోయినట్టే. కానీ ఇక మాడ్చలేను" అన్నాను. పంపే మీట నొక్కి, పైకి వచ్చి పాలు కాచాను.


గురువారం. పరీక్ష.

ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి మంచిదే. బుల్లి కుడిచేతిని మెత్తగా పట్టుకుని పలక మీద పెట్టింది. ఫొటోను ఒకసారి, రెండోసారి, ఇంకో దీపం దగ్గర మూడోసారి చూసింది. దారం కోసం వెతుకుతోందని నాకు అర్థమైంది. నేనూ వెతికాను.

"సందు లేదండీ" అంది. "నన్ను క్షమించండి."

బుల్లి తన చేతిని పలక మీంచి తీసుకోలేదు. ఇంకోసారి తియ్యమంది. ఇంకోసారి తీశారు.

"మీ చోటు మీకు అలాగే ఉంది నాయుడు గారూ. ఓడ ఎల్లుండి. పాపను పెద్దవాళ్ళ వరసలోకి మారుస్తాం, ఇక్కడ చూసుకోవడానికి మనుషులు ఉంటారు."

"నా చోటు ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నూకాలత్త పేరు చెప్పాను. కర్రలతో నడిచే మనవరాలు అక్కడ ఉంది. ఆఫీసువాళ్ళు ముందు కుదరదన్నారు, ఆ తర్వాత చూస్తామన్నారు.

గదికి వచ్చాక బుల్లి నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను.

"నువ్వు పెట్టకపోతే నానెల్లిపోదును. నువ్వే బలవంతంగా పెట్టావు. అమ్మని నువ్వే పోగొట్టావు."

ఔను, నేనే. ఆకలితో మాడ్చిన తప్పు నాదే, అన్నం పెట్టిన తప్పూ నాదే. ముందునుంచీ కడుపునిండా పెట్టి ఉంటే సందు ఎప్పుడో మూసుకుపోయేది, ఆశ ఉండేది కాదు, కానీ చెయ్యి విరిగేదీ కాదు. చివరిదాకా మాడ్చి ఉంటే ఓడ ఎక్కేది, కర్రలతో. ఏ వైపు నుంచి చూసినా మధ్యలో నేనే ఉన్నాను.


ఆదివారం. చోడి సంకటి, ఆనపకాయ పులుసు, పెరుగు.

ఓడ నిన్న వెళ్ళిపోయింది. బుల్లి నాతో మాట్లాడటం లేదు. పెట్టింది తింటుంది, లేచి వెళ్ళిపోతుంది.

ఈరోజు నీలవేణి కబురు వచ్చింది. ఇద్దరమూ కిందికి దిగాం, నిచ్చెన మీద నెమ్మదిగా. నూకాలత్త మా వెనకే వచ్చింది. పిలవకపోయినా వచ్చే మనిషి, పంపించెయ్యడానికి మనసొప్పలేదు. పరీక్ష అవగానే డాక్టర్ గారు బుల్లిని నిలబెట్టి తీసిన ఫొటో నీలవేణికి పంపారట. ఉన్ని చొక్కా లేదు, పాకం లేదు, మోకాళ్ళు వంచలేదు.

తెర మీద నీలవేణి కనిపించింది. ఏడ్చి మొహం కడుక్కుని వచ్చినట్టుంది. తర్వాత పిలిచింది.

"ఇందుమతీ!"

బుల్లి ఉలిక్కిపడింది. ఆ పేరు తనదేనని ఒక క్షణం పోల్చుకోలేకపోయింది.

"ఇందుమతీ, లేచి నిలబడవే. నాకు కనపడవు, నాకు తెలుసు, అయినా నిలబడు. నీ ఫొటో నా మంచం పక్కనెట్టుకున్నాను. ఎంత ఎదిగిపోయావే తల్లీ! నా అంత అయిపోయావే! ఎంత బాగా ఎదిగావే!"

నూకాలత్త నోరు తెరిచింది. ఉమ్మడానికి చెయ్యి కూడా లేచింది. ఆ చెయ్యి అలాగే గాల్లో ఆగి, తర్వాత నెమ్మదిగా ఒళ్ళోకి దిగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

బుల్లి లేచి నిలబడింది. నిటారుగా. అది నా భుజం దాటిందని నేను ఈరోజే చూశాను.

"నాను ఎత్తుకోలేననుకుంటన్నావేమో. ఇక్కడ అన్నీ తేలికే. నువ్వెంత ఎదిగొచ్చినా ఎత్తుకుంటాను. ఎప్పుడొచ్చినా. బాగా తిను." గొంతు మార్చి, "నాయుడూ, నీతో మాట్లాడాల్సింది శానా ఉంది. ఇయాల కాదు" అంది. తెర ఆరిపోయింది.

నన్ను క్షమించానని తను అనలేదు. అనాలని నేనూ అనుకోను.

బుల్లి ఆ కబురును మళ్ళీ మళ్ళీ పెట్టుకుంది. "ఎంత ఎదిగిపోయావే" అన్న చోటికి వచ్చినప్పుడల్లా వెనక్కి తిప్పింది. నేను వంటకు ఆలస్యమవుతోందని పైకి వచ్చేశాను.

మధ్యాహ్నం భోజనాలకు అది వచ్చి అందరిలాగే వరసలో నిలబడింది. వడ్డించాను. నా మొహం చూడలేదు. నేను గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరిగాను, మారు, మారు అంటూ. దాని బల్ల దగ్గరికి వచ్చాను. కంచం ఖాళీగా ఉంది. గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

అది కంచాన్ని నా వైపు జరిపింది.

"ఏటి నాన్నా, అడగవేటి?"

"మారు వెయ్యనా, ఇందుమతీ?"

"ఎయ్యి."

వేశాను. పక్కబల్లవాళ్ళు తల ఎత్తి చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. అది తలొంచుకుని తింటోంది. నాతో ఇంకేం మాట్లాడలేదు, కానీ కంచం ఖాళీ అయ్యాక మళ్ళీ జరిపింది.

మిగిలింది ఏమీ లేదు. రేపటికి చోడిపిండి ఇంకాస్త ఎక్కువ తియ్యాలి.